నలభై మూడో కాలరు

మధ్యాన్నం అన్నం గబగబా మింగి
మిషను ముందు కూచున్నానా,
నలభై మూడో కాలరు మూల తిప్పే చోట
మొదలైంది ఎక్కిలి.
ఒక కుదుపు. కుట్టు వంకర.
ఇంకో కుదుపు. సూది విరిగినంత పనైంది.

పీణ్యాలో మూడో అంతస్తు, ఆరో లైను.
గంటకి అరవై కాలర్లు.
ఆ రొదలో ఎవరి దగ్గూ ఎవరికీ వినబడదు గానీ
నా భుజాలెగరడం చూసి
లైను లైనంతా కనిపెట్టేసింది.

"యారో నెనస్కొంతావ్రె" అనింది పుట్టతాయమ్మ.
ఎవరో తల్చుకుంటున్నారంట.
ఒక్కో పేరే అనుకుంటా పో, సరైన పేరు తగిలితే ఆగిపోతుందంట.
అనుకున్నాను.
చీటీల శాంతక్క. ఇంటి ఓనరు. గ్యాసు పిల్లోడు.
నన్ను తల్చుకునేవాళ్ళంతా అప్పులవాళ్ళే.
ఆగలేదు.

పొన్నుత్తాయి పోయి
టీ కాచే ఆయన్ని బతిమాలి
డబ్బా మూతలో చక్కెర తెచ్చింది.
నాలిక కింద పెట్టుకో, నమలద్దు, మాట్లాడద్దు.
వాళ్ళ అరవంలో దీన్ని విక్కల్ అంటారు,
పుట్టతాయమ్మకి బిక్కళికె,
మా హిందూపురంలో ఎక్కిళ్ళు.
వెక్కిళ్ళని కూడా అంటాం;
దీనికీ ఏడుపుకీ మధ్య ఒక్క అక్షరమే అడ్డం.
చక్కెర కరిగింది. ఎక్కిలి కరగలేదు.

ఊపిరి బిగబట్టి ఏడు గుక్కలు నీళ్ళు తాగమన్నారు.
తాగితే బాత్రూముకి పోవాల,
పోవాలంటే టోకెను కావాల,
లైనంతటికీ ఉండేది ఒక్క టోకెను.
మూడో గుక్క దగ్గర ఆపేసినాను.

సుకాంతి, ఒడిశా పిల్ల, పోయిన నెలే చేరింది,
మాలో ఎవరి భాషా రాదు.
నన్ను చూసి చూసి
మిషను మీది కోను నుంచి
అంగుళం తెల్లదారం పంటితో తెంపి
నాలికతో తడిపి
నా నుదుటి మీద అంటించింది,
చంటిబిడ్డకి పెట్టినట్టు.
మా అవ్వ కూడా ఇట్లే, కొంగులోంచి పోగు లాగి.
ఎక్కడి ఒడిశా, ఎక్కడి మా అవ్వ!

అవ్వ దగ్గర ఇంకో పెద్ద మందుండేది.
దారం పని చేయకపోతే
ఉన్నట్టుండి మొహం మార్చేది:
"ఏమే, సుంకమ్మోళ్ళ ఇంట్లో బెల్లం ఎత్తుకొచ్చినావంట?"
"నేను కాదవ్వా! నీ మీదొట్టు!" అని
నేను ఏడుపందుకునేలోగా
ఎక్కిలి ఉండేది కాదు.
నవ్వి, చేతిలో బెల్లంముక్క పెట్టేది.

సరిగ్గా అప్పుడొచ్చినాడు సూపర్వైజరు చెలువరాజు,
లెక్కల అట్ట పట్టుకొని.
"రెండు కాలర్లు తక్కువ. ఎక్కడ దాచినావు గంగరత్నా?"
నోరు తెరిచినాను.
ఎక్కిలి లేదు.

ఆగిపోయిందే అని పుట్టతాయమ్మ నవ్వబోయి
ఆయన మొహం చూసి
తల దించి కుట్టుకుంది.

సాయంత్రం గేటు దగ్గర
సెక్యూరిటీ ఆమె నన్ను తడిమినంతసేపు
ఎవరినీ తడమలేదు.
డబ్బా తెరిచి, సంచి బోర్లించి,
చెప్పులు విప్పించి, జడ కూడా విదిలించి చూసింది.
కాలర్లు పక్క లైను కట్టలో దొరికినాయని
మధ్యలోనే పైనుంచి ఫోనొచ్చింది.
మొదలుపెట్టింది కదా, పూర్తి చేసింది.
బెల్లంముక్క ఎవరూ పెట్టలేదు.

లగ్గెరె బస్సులో నిలబడే ఇల్లు చేరినాను.
మొహం కడుక్కుందామని అద్దంలో చూస్తే
నుదుటి మీద ఇంకా ఉంది,
చెమటకి గట్టిగా అంటుకొని,
తెల్లగా, అంగుళం పొడుగున,
కంపెనీ దారం.

అంతమంది కళ్ళ ముందు నుంచి
నెత్తిన పెట్టుకొని మరీ తెచ్చుకున్నాను.
అవ్వా, ఈసారి నిజంగానే ఎత్తుకొచ్చినా.

నవ్వొచ్చింది. కొళాయి విప్పిపెట్టి, ఒక్కదాన్నే,
ఎంత నవ్వినానంటే
మళ్ళీ పట్టుకుంది ఎక్కిలి.

ఈసారి ఎవరినీ తల్చుకోలేదు,
చక్కెర డబ్బా దించలేదు.
దారం తడవకుండా
జాగ్రత్తగా, కళ్ళ కింద నుంచే
మొహం కడుక్కున్నాను.